చెయ్యి ఆగవలసిన చోటు: తెలియకుండానే ఎక్కువ తినే అలవాటును ఎరుకతో మార్చుకోవడం

ఉభాల్లోనూ (వరి నాట్లలోనూ) కోతల్లోనూ నూర్పుల్లోనూ పొద్దుగూకే వరకు ఒళ్ళు వంచిన రైతు కంచంలో ఉండే అన్నం రాశి, ఈనాడు విజయనగరంలో దుకాణం గల్లాపెట్టె ముందో శ్రీకాకుళంలో కార్యాలయం బల్ల ముందో రోజంతా కూర్చునే ఆయన మనుమడి కంచంలో కూడా దాదాపు అదే ఎత్తున కనిపిస్తుంది. తాత ఆ అన్నాన్ని సాయంత్రానికల్లా ఖర్చు చేసేవాడు. మనుమడికి ఆ ఖర్చు లేదు, అయినా వడ్డించే హస్తానికి, అంటే అన్నం గరిటెకు, కొలత మారలేదు, తినే చేతికి ఆగే చోటు మారలేదు. దీనికి జిహ్వచాపల్యమో మనోబలం లేకపోవడమో కారణమని తీర్పు చెప్పడం నాకు న్యాయంగా తోచదు. మనలో చాలామంది ఎక్కువ తినాలని అనుకుని ఎక్కువ తినరు. ఏమీ అనుకోకుండానే, చెయ్యి తనంతట తాను కంచం నుంచో డబ్బా నుంచో నోటికి వెళ్తూ ఉండగా తినేస్తారు. అందువల్ల ఇష్టమైన పదార్థాలను మానేస్తామని ఒట్టు పెట్టుకున్నంత మాత్రాన ఈ అలవాటు పోదు. చెయ్యి మనల్ని అడగకుండా కదిలే వేళలు రోజులో ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపట్టి, ఆ ఒక్కొక్క చోట కొద్దిపాటి విరామాన్ని నిలుపుకోవాలి. ఆ విరామాన్ని నిలుపుకునే పద్ధతే ఈ వ్యాసం.

ఈ విషయాన్ని తేలికగా తీసుకోకూడదని చెప్పడానికి ఒక లెక్క చాలు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన ఇండియాబ్ అధ్యయనం, దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది మధుమేహానికి ముందు దశలో ఉన్నారని అంచనా వేసింది. మన వారి శరీరాల్లో కొవ్వు నడుము చుట్టూ చేరే స్వభావం ఎక్కువ కాబట్టి, నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ దర్జీ టేపు పెట్టి నెలకొకసారి కొలుచుకుంటే సరిపోతుంది. రోజూ బరువు చూసుకుని దిగులుపడటం వల్ల మేలు కంటే కీడే ఎక్కువని నా అభిప్రాయం.

ముందు చూడండి, తరువాత మార్చండి

మొదటి వారం ఏదీ మానకండి, ఏదీ తగ్గించకండి. ఒక చిన్న పుస్తకంలో గాని ఫోనులో గాని, నోట్లో ఏదైనా పడిన ప్రతిసారీ మూడు సంగతులు మాత్రం రాసుకోండి: ఎన్ని గంటలకు, ఎక్కడ ఉండగా, ఆకలితోనా ఆకలి లేకుండానా. ఎంత తిన్నారో, అందులో ఎన్ని కేలరీలు ఉన్నాయో ఈ వారం అక్కర్లేదు. వంట చేస్తూ ఉప్పు చూడటానికి వేసుకున్న కూర, పిల్లవాడి కంచంలో మిగిలిపోతే నోట్లో వేసుకున్న రెండు ముద్దలు, పక్కింటివారు పంపిన అరిసె ముక్క, టీ కొట్టు దగ్గర మాటల్లో పడి తిన్న బిస్కెట్లు కూడా రాయాలి. ఈ పుస్తకాన్ని ఎవరికీ చూపనవసరం లేదు కాబట్టి దాచవలసినది కూడా ఏమీ ఉండదు. వారం ముగిసేసరికి చాలామందికి అర్థమయ్యేది ఒకటే: ఎక్కువగా తినేది భోజనం మధ్యలో కంటే భోజనానికి అటూ ఇటూ ఉన్న అంచుల్లోనే.

ఆకలి ఉందో లేదో చెప్పడం సులభమనిపిస్తుంది గాని, చాలా ఏళ్ళుగా గడియారాన్ని చూసో పక్కవారిని చూసో తినేవారికి ఆ గుర్తు మసకబారి ఉంటుంది. నిజమైన ఆకలి మెల్లమెల్లగా పెరుగుతుంది, కడుపులో తెలుస్తుంది, ఏది పెట్టినా ఒప్పుకుంటుంది. నాలుక కోరిక ఒక్కసారిగా పుడుతుంది, నోట్లోనూ ఆలోచనలోనూ తెలుస్తుంది, ఫలానాదే కావాలంటుంది, కాసేపు వేరే పనిలో పడితే తగ్గిపోతుంది. ఈ రెండింటినీ విడదీయడానికి మన ఇళ్ళలో పనికివచ్చే ఒక పరీక్ష ఉంది. సాయంత్రం పూట మిరపకాయ బజ్జీల మీదికి మనసు పోయినప్పుడు, ‘ఇప్పుడు ఎవరైనా చారన్నం పెడితే తింటానా?’ అని అడగండి. తింటాననిపిస్తే అది ఆకలే, అప్పుడు తినడమే సరి. చారన్నం వద్దు, బజ్జీలే కావాలనిపిస్తే అది కోరిక అని తెలుసుకోండి. కోరిక అని తెలిసినంత మాత్రాన దాన్ని తప్పుగా భావించవలసిన పని లేదు. తెలిసి రెండు బజ్జీలు తినేవారికి, తెలియక పొట్లమంతా ఖాళీ చేసేవారికి మధ్య ఉన్న దూరమే ఈ సాధన మొత్తం.

కంచంలో అన్నం, దాని మీదికి వచ్చే వడ్డనలు

మన భోజనానికి ఒక చక్కని క్రమం ఉంది. ముందు పప్పు, ఆ పైన కూర, పచ్చడి, తరువాత పులుసో చారో, ఆఖరున పెరుగు గాని మజ్జిగ గాని. ఇన్ని రుచులు ఒక పూటలో అమరడం గొప్ప సంగతే. అయితే ఈ క్రమంలో ప్రతి రుచీ తన వంతు అన్నం తాను అడుగుతుంది. పప్పులో కలుపుకున్న అన్నం అయిపోయేసరికి బెల్లం పులుసు వస్తుంది కాబట్టి మళ్ళీ అన్నం, చారు పోశారు కాబట్టి మళ్ళీ కొంత, పెరుగన్నం తినకుండా లేవకూడదు కాబట్టి మరి కొంత. ఏ ఒక్క వడ్డనా ఎక్కువ కాదు, అన్నీ కలిస్తే ఎక్కువ.

దీని వెనుక ఉన్న కారణాన్ని 1981లో ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధకురాలు బార్బరా రోల్స్, ఆమె సహచరులు ప్రయోగపూర్వకంగా చూపారు. ఒక పదార్థాన్ని తింటూ ఉంటే ఆ రుచి మీద ఇష్టం తగ్గుతుంది గాని, ఇంకా తినని రుచుల మీద ఇష్టం అంతగా తగ్గదు. అందుకే పప్పన్నంతో ‘ఇక చాలు’ అనుకున్న మనిషికి ఆవ పెట్టిన పనసపొట్టు కూర కనబడగానే ఆకలి మళ్ళీ తెరుచుకున్నట్లు ఉంటుంది. కడుపు అప్పటికే తన మాట తాను చెప్పింది, మళ్ళీ అడుగుతున్నది నాలుక. పెళ్ళి భోజనాల్లో నలుగురు తినేంత తినగలగడానికి కూడా ఇదే కారణం.

ఇంత తెలిశాక చేయవలసిన పని చిన్నదే. పూటకు తినదలచిన అన్నాన్ని మొత్తం మొదటే ఒక్కసారి వడ్డించుకోండి. మొదటి ముద్ద కలపకముందే దాన్ని కంచంలోనే వేళ్ళతో మూడు భాగాలు చేసి, ఒకటి పప్పుకూరలకు, ఒకటి పులుసుకో చారుకో, ఒకటి మజ్జిగకు అని కేటాయించండి. అన్నం గిన్నెను ముందు పెట్టుకోకుండా వంటింట్లోనే ఉంచండి. లేచి వెళ్ళి తెచ్చుకోవలసి వస్తే, ఆ లేవడంలోనే విరామం దొరుకుతుంది. కొలతకు ఇంట్లో ఏదో ఒక గిన్నెను ఎంచుకుని రోజూ దాన్నే వాడండి. కొలత లేని హస్తంతో వడ్డించుకునేవారు తాము ఎంత తిన్నదీ నిజంగానే చెప్పలేరు. పులుసు, చారు రెండూ ఉన్న రోజున ఒకదానినే అన్నంలో కలుపుకుని, చారును గ్లాసులో పోసుకుని తాగితే ఒక వడ్డన అన్నం ఏ కష్టమూ లేకుండా తగ్గుతుంది, చారు రుచి ఇంకా బాగా తెలుస్తుంది కూడా.

తగ్గిన అన్నం చోటులో కూర పెరగాలి, లేకపోతే రెండు గంటలకే ఆకలి వేసి సాధన చెడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, రోజు మొత్తం తిండిలో కంచం సగం మేర కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని సూచిస్తాయి. మన ఇళ్ళలో కూరను అన్నానికి నంజుకునేదిగా, కొద్దిగా వేసుకునే అలవాటు బలంగా ఉంది. ముందు కూరను ధారాళంగా వడ్డించుకుని, దానికి తగినంత అన్నం పెట్టుకునేలా వరుసను తిరగవేయండి. ఊరగాయల విషయంలో కూడా జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆవకాయ ఉప్పూకారాలను చప్పబరచడానికి మరింత అన్నం పడుతుంది. పైగా రోజుకు 5 గ్రాములకు లోపే ఉప్పు తినాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దును ఊరగాయ ముక్కలు చాలా తొందరగా దాటిస్తాయి.

కడుపు చెప్పేదాకా ఆగడం

కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సమయం పడుతుంది. జీర్ణాశయం గోడలు సాగినప్పుడు వేగస్ నాడి ద్వారా ఒక సంకేతం వెళ్తుంది. ఆహారం చిన్నపేగులోకి దిగుతున్న కొద్దీ అక్కడి నుంచి కోలిసిస్టోకైనిన్, జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు విడుదలై ‘ఇక చాలు’ అన్న భావాన్ని నింపుతాయి. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్, దీనిని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు, తిన్న తరువాత క్రమంగా తగ్గుతుంది. ఇవన్నీ కలిసి పని చేయడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందని సాధారణంగా చెబుతారు. పది నిమిషాల్లో భోజనం ముగించి లేచే మనిషి, కడుపు నోరు తెరవకముందే రెండో వడ్డన కూడా తినేసి ఉంటాడు.

నెమ్మదిగా తినమని అందరూ చెబుతారు గాని, ఎలా నెమ్మదించాలో చెప్పేవారు తక్కువ. చేత్తో తినే మనకు ఒక సౌకర్యం ఉంది: ముద్ద మన చేతిలోనే తయారవుతుంది. నోట్లో ముద్ద ఉండగానే వేళ్ళు తరువాతి ముద్దను కలుపుతూ ఉండటమే మన తొందరకు మూలం. కాబట్టి నోట్లోని ముద్ద పూర్తిగా నమిలి మింగేవరకు కుడిచేతిని కంచం అంచున ఊరకే ఉంచండి. ముద్దను ఎప్పటి కంటే చిన్నది చేయండి. మొదటి మూడు ముద్దలను మాటలు లేకుండా, ఉప్పు, పులుపు, కారం, తాలింపు వాసన వేటికవి తెలిసేలా తినండి. పూట మొత్తం మౌనంగా తినాలని పట్టుబట్టేవారు రెండు రోజుల్లో విసుగుతో మానేస్తారు, పైగా ఇంటిల్లిపాదీ మాట్లాడుకునే ఆ కాస్త సమయాన్ని పోగొట్టుకోవడం మంచిది కాదు. మూడు ముద్దల శ్రద్ధ చాలు, మిగిలిన పూట నడక అదే మారుతుంది.

సగం తిన్నాక ఒకసారి ఆగి, రెండు గుక్కల నీళ్ళు తాగి, కడుపు వైపు మనసు పెట్టండి. ఆయుర్వేదం కడుపును నాలుగు పాళ్ళుగా చేసి, రెండు పాళ్ళు అన్నానికి, ఒక పాలు నీటికి, నాలుగో పాలు గాలి కదలడానికి ఖాళీగా వదలమంటుంది. ఆ నాలుగో పాలును ఎవరూ కొలిచి చూడలేరు, కాని అనుభవంలో దానికి గుర్తులున్నాయి. ఇంకా నాలుగు ముద్దలు తినగలను గాని తినకపోయినా లోటు లేదనిపించే స్థితి, లేచి వెంటనే నడవగలననిపించే తేలిక, ఇవే ఆ గుర్తులు. పంచె ముడి గాని బెల్టు గాని వదులు చేసుకోవలసి వస్తే ఆ చోటు ఎప్పుడో దాటిపోయిందన్న మాట.

ఈ శ్రద్ధ అంటే ఏమిటో ఒకసారి విడిగా రుచి చూడాలనుకునేవారికి ఒక అభ్యాసం ఉంది. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మొదలుపెట్టిన ధ్యాన శిక్షణలో, ఒకే ఒక ఎండుద్రాక్షను చాలాసేపు చూసి, వాసన చూసి, నమిలి తినే అభ్యాసం పేరుపొందింది. మనకు పలాస జీడిపప్పు చేతికందే దూరంలోనే ఉంది. ఒక్క పలుకును అరచేతిలో పెట్టుకుని దాని వంపును, రంగును చూడండి, వాసన చూడండి, పంటి కింద మొదట విరిగినప్పుడు వచ్చే చప్పుడును, తరువాత నెమ్మదిగా వచ్చే తీపిని గమనించండి. 100 గ్రాముల జీడిపప్పులో దాదాపు 550 నుంచి 600 కేలరీలు ఉంటాయి. మాటల్లో పడి గుప్పెళ్ళ కొద్దీ తినేటప్పుడు అంత శక్తి ఎటు పోయిందో తెలియదు, శ్రద్ధగా తిన్న పది పలుకులు మాత్రం తృప్తిని ఇస్తాయి.

టీవీ, ఫోను, జ్ఞాపకం

టీవీ సీరియల్ చూస్తూ రాత్రి భోజనం చేయడం మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే గాక అంతటా ఉన్న అలవాటు. దీనివల్ల కలిగే నష్టం ఆ పూటతో ముగియదు. 2013లో అనేక ప్రయోగాలను కలిపి చేసిన ఒక సమీక్షలో, మనసు వేరేచోట ఉండగా తిన్నవారు ఆ పూట ఎక్కువ తినడమే గాక, తరువాతి పూట మరీ ఎక్కువ తిన్నారని తేలింది. తిన్నది జ్ఞాపకంలో సరిగా నిలవకపోవడమే దీనికి ప్రధాన కారణంగా కనిపిస్తుంది. ఆకలికి జ్ఞాపకంతో ఉన్న ఈ బంధాన్ని 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్, ఆయన సహచరులు మరింత స్పష్టంగా చూపారు. జరిగిన సంగతి కాసేపటికే మరచిపోయే మెదడు జబ్బు ఉన్న ఇద్దరికి భోజనం పెట్టి, కొద్ది నిమిషాల తరువాత మళ్ళీ భోజనం పెడితే, వారు రెండోసారి కూడా తిన్నారు, మూడోసారి కూడా మొదలుపెట్టారు. కడుపు నిండి ఉన్నా, తిన్నామన్న జ్ఞాపకం లేకపోతే చెయ్యి ఆగదని దీనివల్ల తెలుస్తుంది. కంచం ముందు టీవీ ఉన్న ప్రతి పూటా మనం ఆ జ్ఞాపకాన్ని కొంత చెరుపుకుంటూనే ఉంటాం.

కాబట్టి ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి: తినేచోటు తినడానికే. టీవీ గదిలోనే తినవలసినంత చిన్న ఇల్లైతే, తిన్నంతసేపు టీవీ కట్టేసి ఉంచండి, ఫోను మరో గదిలో ఛార్జింగుకు పెట్టండి. పెద్దవారికి సీరియల్ సమయమే భోజన సమయమైతే, వారితో వాదించకుండా భోజనాన్ని అరగంట ముందుకు జరపండి. మధ్యాహ్నం ఏమి తిన్నామో సాయంత్రం నాలుగు గంటలకు ఒకసారి తలచుకోవడం కూడా పనికివస్తుంది. ఏ కూర, ఎంత పులుపు, ఎవరు వడ్డించారు అని గుర్తు చేసుకుంటే, సగం చిరుతిండి కోరికలు అక్కడే తగ్గుతాయి.

సాయంత్రం

వారం రోజుల పుస్తకంలో ఎక్కువ పద్దులు పడేది సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి భోజనం వరకు ఉన్న వేళలోనే. బడి నుంచి, పని నుంచి వచ్చిన అలసట, టీ, పునుగుల బండి, జంతికల డబ్బా అన్నీ ఒకేసారి కలుస్తాయి. ఈ వేళను ఖాళీగా వదిలేసి, ఏమీ తిననని పట్టుబట్టడం ఫలించదు, ఎందుకంటే మధ్యాహ్నం ఒంటి గంటకు తిన్నవారికి అప్పటికి న్యాయమైన ఆకలే ఉంటుంది. ముందే ఏమి తినాలో అనుకుని సిద్ధంగా ఉంచుకోండి: ఉడికించిన సెనగలు, వేరుశనగలు, జామకాయ, కాలాన్ని బట్టి మొక్కజొన్న పొత్తు, మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి. చోడి అంబలి మన ప్రాంతపు పాత తిండి, కడుపులో నిలిచి ఉంటుంది, దానిని పేదవాళ్ళ తిండిగా చిన్నచూపు చూసి బిస్కెట్ పొట్లాలను గొప్పగా తెచ్చుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ బిస్కెట్లు, చిప్సు, నూడుల్సు వంటి ఫ్యాక్టరీ తిండి విషయంలో మనోబలాన్ని నమ్ముకోవడం కంటే వాటిని ఇంట్లోకి తక్కువగా తేవడమే మంచిది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి వంట వంటి తిండి పెట్టి, ఇష్టమైనంత తినమంది. రెండు పద్ధతుల్లోనూ ముందు పెట్టిన ఆహారంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగానే ఉన్నా, ఫ్యాక్టరీ తిండి ఉన్న వారాల్లో వారు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా కూడా తిన్నారు. మెత్తగా, నమలనవసరం లేకుండా దిగిపోయే తిండి దగ్గర విరామం నిలపడం అందరికీ కష్టమే.

జంతికలు, చేకోడీలు ఇంట్లో ఉండక తప్పదు. వాటిని డబ్బాలోంచి తినకుండా, ఎప్పుడు తిన్నా చిన్న పళ్ళెంలో పెట్టుకుని, డబ్బా మూత బిగించి, ఎత్తైన అరలో పెట్టి, కూర్చుని తినండి. టీలో చక్కెరను కూడా లెక్కలోకి తీసుకోవాలి: రోజుకు ఐదు టీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాలు అంటే 40 నుంచి 50 గ్రాముల చక్కెర, 2,000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజు మొత్తం పరిమితి దాదాపు అదే.

మిగిలిన అన్నం

అన్నం పారేయడం పాపమన్న మాట మన ఇళ్ళలో ఎంత లోతుగా పాతుకుని ఉందంటే, కడుపు నిండిన తరువాత కూడా గిన్నె ఖాళీ చేయడం చాలామంది తల్లులకు ధర్మంగా కనిపిస్తుంది. కరవును, వలసలను చూసిన ఈ నేలలో ఆ మాట పుట్టడం సహజం, దానిని గౌరవించాలి. కాని ఎక్కువైన అన్నాన్ని అక్కర్లేని కడుపులో పోసినంత మాత్రాన అది ఆకలితో ఉన్నవారికి చేరదు. పారేయడం నిజంగా ఆగవలసిన చోటు పొయ్యి దగ్గర ఉంది: బియ్యం కొలిచేటప్పుడే ఒక పిడికెడు తగ్గించాలి. అయినా మిగిలితే, మన పెద్దలకు తెలిసిన దారి మనకూ ఉంది, రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచితే పొద్దున్నే ఉల్లిపాయతో చద్దన్నం అవుతుంది. పిల్లలకు ముందే తక్కువ పెట్టి, కావాలంటే మళ్ళీ పెడితే వారి కంచాల్లో మిగలదు, తల్లి వాటిని తుడవవలసిన అవసరమూ రాదు. కంచం నున్నగా చేస్తే గాని లేవనివ్వమని పిల్లలను బెదిరించడం మాత్రం మానాలి. కడుపు చెప్పే మాట వినడం వారికి పుట్టుకతోనే వస్తుంది, దానిని మనమే మరపిస్తున్నాం.

కొసరి వడ్డించే చేతులు, పండుగలు

ఎవరింటికైనా వెళ్ళినప్పుడు ‘ఏం తిన్నావని బాబూ, ఇంకాస్త వేసుకో’ అన్న మాటకు ఎదురు చెప్పడం ఈ సాధనలో అన్నింటి కంటే కష్టమైన పని, ఎందుకంటే ఆ వడ్డనలో ప్రేమ ఉంది. ఆరోగ్యం గురించి ఉపన్యాసం ఇస్తే వడ్డించినవారు చిన్నబుచ్చుకుంటారు. ‘పులుసు చాలా బాగుంది పిన్నీ, మజ్జిగన్నానికి చోటు ఉంచుకున్నాను’ అని వంటను మెచ్చుకుని చేతిని కంచం మీద అడ్డు పెడితే చాలామంది ఒప్పుకుంటారు. మొదటి వడ్డనలోనే అన్నీ కొంచెం కొంచెంగా వేయించుకుని, బాగున్నదానిని మీరే ఒకసారి అడిగి మారు వేయించుకుంటే ఇంకా మంచిది. అడిగి తిన్న అతిథిని మరింత తినమని ఎవరూ ఒత్తిడి చేయరు. వడ్డించే స్థానంలో ఉన్నవారు కూడా ఒక్కసారి అడిగి, వద్దంటే అక్కడితో ఆగడం నేర్చుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

దసరా వెళ్ళిన తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగేటప్పుడు, ముందు రోజు తొలేళ్ళతో మొదలై ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు, పిండివంటలు ఉంటాయి. అలాంటి రోజున కొలతలు పెట్టుకుని ముఖం ముడుచుకోవడం తగదు. ఒక్క బూరె తిన్నా నేతితో, వేడిగా, కూర్చుని, రుచి తెలిసేలా తినండి. పండుగ రోజు ఎక్కువ తిన్నామని మరునాడు పస్తుండటం మాత్రం వద్దు. పస్తు తరువాత వచ్చే ఆకలి ఎరుకను తుడిచిపెట్టేస్తుంది. మరునాడు ఎప్పటి వేళకు ఎప్పటి కొలతే తినండి. కార్తీక సోమవారాల ఉపవాసాల్లోనూ ఇదే జరుగుతుంది. చుక్కను చూసిన తరువాత పగలంతా తిననిదాన్ని పది నిమిషాల్లో పూరించే తొందర పుడుతుంది. ముందు కొబ్బరి నీళ్ళో మజ్జిగో తాగి, పావుగంట ఆగి, అప్పుడు కంచం ముందు కూర్చోండి.

ఆకలి కాని ఆకళ్ళు

కోపం, దిగులు, ఒంటరితనం, విసుగు కూడా చేతిని డబ్బా వైపు నడిపిస్తాయి. పుస్తకంలో ‘ఆకలి లేకుండా’ అని రాసిన చోట, ఆ క్షణంలో మనసు ఎలా ఉందో మరో మాట చేర్చి చూడండి. పిల్లలు హైదరాబాదుకో సూరత్‌కో వెళ్ళిపోయి ఇద్దరే మిగిలిన ఇళ్ళలో, పగలు మూడు గంటల వేళ తినేదానిలో ఎక్కువ భాగం తోడు లేకపోవడం వల్లే అని తెలిసిన తరువాత, ఆ వేళకు ఫోనులో బిడ్డలతో మాట్లాడటమో వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చోవడమో డబ్బా కంటే బాగా పని చేస్తుంది. నిద్ర తక్కువైనా ఆకలి పెరుగుతుంది. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, ఆకలిని పెంచే గ్రెలిన్ పెరిగి, తృప్తినిచ్చే లెప్టిన్ తగ్గింది. పైడిభీమవరం పరిశ్రమల్లో రాత్రి షిఫ్టు చేసేవారు తమ తిండిని నిందించుకునే ముందు పగటి నిద్రను చీకటి గదిలో నిరాటంకంగా అమర్చుకోవాలి, షిఫ్టు మధ్యలో తినేది ఇంటి నుంచే తీసుకువెళ్ళాలి.

వైద్యుని మాట ముందు వినవలసినవారు

ఇన్సులిన్ గాని చక్కెర బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు, వైద్యునితో మాట్లాడకుండా భోజనం కొలతను, వేళను మార్చకూడదు. మందు వేసుకుని తక్కువ తింటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు వైపు మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నవారికి ఏ పప్పు ఎంత, నీళ్ళెంత, ఏ పండు తినవచ్చు అన్నది జబ్బు దశను బట్టి వైద్యులే నిర్ణయించాలి, పైన చెప్పిన సెనగలు, కొబ్బరి నీళ్ళు వారికి సరిపడకపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు కొలత తగ్గించే ఆలోచనే చేయకూడదు. వారానికి ఒకసారైనా తక్కువ సేపట్లో చాలా ఎక్కువ తినేసి, ఆపుకోలేక, తరువాత సిగ్గుతో దాచుకునే పరిస్థితి మూడు నెలలుగా ఉంటే అది అలవాటు దశను దాటి, వైద్యులు గుర్తించిన ఒక రుగ్మత అయి ఉండవచ్చు. దానికి చికిత్స ఉంది. మానసిక ఆరోగ్య సహాయం కోసం టెలి-మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

దేనితో మొదలుపెట్టాలి

ఇన్నింటినీ ఒకేసారి పట్టుకోకండి. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా అవసరమవుతుందని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల అలవాటు ఏర్పడటానికి పెద్ద ఆటంకం రాలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. మీ పుస్తకంలో పద్దులు భోజనం చుట్టూ ఉంటే అన్నాన్ని ఒకేసారి వడ్డించుకుని మూడు భాగాలు చేయడంతో మొదలుపెట్టండి. సాయంత్రం చుట్టూ ఉంటే ఐదు గంటల తిండిని పొద్దున్నే సిద్ధం చేసుకోవడంతో, రాత్రి చుట్టూ ఉంటే టీవీ కట్టేయడంతో మొదలుపెట్టండి. వంట చేసే మనిషి పుస్తకంలో పద్దులు పొయ్యి దగ్గరే ఉంటే, రుచి చూడటానికి ఒక చిన్న చెంచాను విడిగా పెట్టుకుని, ఒక్కో వంటకు ఒక్కసారే చూసి, ఇంటివారితో పాటు కూర్చుని తినండి. అందరికీ పెట్టి ఆఖరున నిలబడి తినే ఇల్లాలికి ఆ పూట తిన్న జ్ఞాపకమే మిగలదు, కనుక ఆమె కంచాన్ని కూడా వరుసలోనే వేయడం ఇంట్లో మిగిలినవారు చేయవలసిన పని.